రంగుల అట్టల వీరులు – 6వ భాగం: సూపర్‌మ్యాన్‌ను మించిన పేపర్ కుర్రాడు

సూపర్‌మ్యాన్ పుట్టిన కొద్ది ఏళ్లకే అమ్మకాల్లో అతణ్ణి దాటిపోయిన వీరుడొకడున్నాడు. అసలు రూపంలో వాడు అమ్మానాన్నా లేని పిల్లాడు. పగలు వీధుల్లో పేపర్లు అమ్ముకుని, రాత్రి భూగర్భ రైల్వే స్టేషన్‌లో ముడుచుకుని పడుకునేవాడు. పేరు బిల్లీ బాట్సన్. నోటితో ఒక్క మాట అంటే చాలు, ఆకాశం నుంచి పిడుగు పడి ఎర్ర దుస్తుల్లో ఆరడుగుల కెప్టెన్ మార్వెల్‌గా మారిపోతాడు. 1940 నుంచి 1953 దాకా అమెరికా పిల్లలకు ఇతనే ప్రాణం. ఆ కాలపు వీరుల్లో నాకు అందరికంటే ఇష్టమైనవాడు కూడా ఇతనే. అందుకే ఈ భాగం మొత్తం అతనికే ఇస్తున్నాను.

గత భాగంలో క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు జెర్రీ సీగెల్, జో షుస్టర్ 130 డాలర్లకు సూపర్‌మ్యాన్ హక్కులు రాసిచ్చేసిన కథ చెప్పుకున్నాం. 1938 జూన్ తేదీతో వచ్చిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక ప్రచురణకర్తలకు కాసుల పంట పండించింది. అది చూసి పత్రికలవాళ్లందరికీ తమకూ అలాంటి వీరుడొకడు కావాలనిపించింది. విక్టర్ ఫాక్స్ అనే ప్రచురణకర్త 1939లో విల్ ఐస్నర్ చేత ‘వండర్ మ్యాన్’ అనే పాత్రను సృష్టింపజేశాడు. సూపర్‌మ్యాన్ యజమానులు వెంటనే కోర్టుకెక్కారు. 1940లో అప్పీలు కోర్టులో న్యాయమూర్తి ఆగస్టస్ హ్యాండ్ అది నకలేనని తేల్చేశాడు. వండర్ మ్యాన్ ఒక్క సంచికతోనే అంతరించాడు. ఈ హ్యాండ్ ఇంటిపేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇదే సమయంలో ఫాసెట్ పబ్లికేషన్స్ అనే సంస్థ కూడా కామిక్స్ వైపు చూసింది. దాని స్థాపకుడు విల్ఫర్డ్ ఫాసెట్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చి, 1919లో మినెసోటాలో ‘కెప్టెన్ బిల్లీస్ విజ్ బ్యాంగ్’ అనే మోటు హాస్య పత్రిక పెట్టాడు. ఆ నవ్వుల మీద వచ్చిన డబ్బుతోనే సంస్థ పెరిగి పెద్దదై, ‘ట్రూ కన్ఫెషన్స్’ వంటి పత్రికలతో దేశమంతా పాకింది. 1939 నాటికి వ్యవహారం కొడుకుల చేతికొచ్చింది. సూపర్‌మ్యాన్ లాంటివాడే కావాలి, కాని రెండో రూపంలో పెద్దమనిషి బదులు పదీ పన్నెండేళ్ల పిల్లాడు ఉండాలని తానే అడిగినట్టు వాళ్లలో ఒకడైన రాస్కో ఫాసెట్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. ఈ సంగతి దాచిపెట్టి కథ చెప్పడం న్యాయం కాదు. కెప్టెన్ మార్వెల్ పుట్టుకకు ప్రేరణ సూపర్‌మ్యానే. కాని ఆ పుట్టిన బిడ్డ ఎటు నడిచాడన్నది వేరే సంగతి.

పని బిల్ పార్కర్ అనే సంపాదకుడి మీద పడింది. పార్కర్ మొదట ఆరుగురు వీరుల జట్టును ఊహించాడు. ఒక్కొక్కరికి ఒక్కో పురాణ పురుషుడి శక్తి. సంస్థలో పై అధికారి రాల్ఫ్ డే ఆ ఆరు శక్తులనూ ఒక్కడికే ఇవ్వమన్నాడు. బొమ్మలు వేసే పని చార్లెస్ క్లారెన్స్ బెక్‌కు అప్పజెప్పారు. అందరూ సి.సి. బెక్ అనేవారు. 1910లో మినెసోటాలోని జుంబ్రోటా అనే చిన్న ఊళ్లో పుట్టినవాడు, 1933 నుంచి ఫాసెట్‌లోనే ఉద్యోగం. కథానాయకుడి ముఖానికి ఆనాటి సినిమా నటుడు ఫ్రెడ్ మెక్‌మరేను నమూనాగా తీసుకున్నాడు. కండలు తిరిగిన ముఖం కాకుండా, పక్కింటి పెద్దాయన ముఖంలా ఉంటుంది అది. కళ్లు సన్నని గీతలు, నవ్వితే ముఖమంతా నవ్వు.

పేరు కుదరడానికి మాత్రం చాలా తిప్పలు పడ్డారు. ఆ రోజుల్లో ఒక పత్రిక పేరు మీద హక్కు సంపాదించాలంటే ముందుగా కొద్ది ప్రతులు నలుపు తెలుపులో ముద్రించి దాఖలు చేసేవారు, అవి అంగట్లోకి వచ్చేవి కావు. ఫాసెట్‌వాళ్లు అలా ‘ఫ్లాష్ కామిక్స్’, ‘థ్రిల్ కామిక్స్’ అని ముద్రించుకున్నారు. రెండు పేర్లూ అప్పటికే వేరేవాళ్లు దక్కించుకున్నారు. వీరుడి పేరు మొదట కెప్టెన్ థండర్, అదీ దక్కలేదు. పీట్ కోస్టాంజా అనే చిత్రకారుడు కెప్టెన్ మార్వెలస్ అందామన్నాడు, దాన్ని కుదించి కెప్టెన్ మార్వెల్ చేశారు. పత్రికకు పెద్దాయన పాత హాస్య పత్రిక గుర్తుగా ‘విజ్ కామిక్స్’ అని పెట్టారు. కుర్రాడికి కెప్టెన్ బిల్లీ పేరే వచ్చింది. నలుపు తెలుపు ప్రతులే ఒకటో సంచిక లెక్కలోకి పోయాయి కాబట్టి, 1940 ఫిబ్రవరి తేదీతో, నిజానికి 1939 చివర్లోనే, పిల్లల చేతికి అందిన మొదటి విజ్ కామిక్స్ మీద రెండో నంబరు ఉంటుంది. వెల పది సెంట్లు.

ఆ తొలి కథ పట్టుమని 13 పేజీలు. అర్ధరాత్రి స్టేషన్ బయట నిలబడిన బిల్లీని ముఖం కనిపించని ఒక ఆగంతకుడు లోపలికి రమ్మంటాడు. సొరంగంలో వింత వింత గుర్తులు వేసిన రైలు పెట్టె వచ్చి ఆగుతుంది. అది దిగాక ఒక గుహ, గుహ గోడ వెంట ఏడు విగ్రహాలు. గర్వం, అసూయ, దురాశ, ద్వేషం, స్వార్థం, సోమరితనం, అన్యాయం. మన అరిషడ్వర్గాలకు దగ్గర చుట్టాల్లా కనిపించే ఈ పట్టికలో అన్యాయానికి కూడా చోటివ్వడం నాకెంతో నచ్చుతుంది. చివర సింహాసనం మీద వేల ఏళ్లుగా చెడుతో పోరాడి అలసిపోయిన ముసలి మాంత్రికుడు కూర్చుని ఉంటాడు. అతని నెత్తి మీద ఒక సన్నని దారానికి పెద్ద రాతి దిమ్మ వేలాడుతుంటుంది.

మాంత్రికుడి పేరు షజామ్. సాలమన్ జ్ఞానం, హెర్క్యులిస్ బలం, అట్లాస్ ఓర్పు, జ్యూస్ శక్తి, అకిలీస్ ధైర్యం, మెర్క్యురీ వేగం. ఆ ఆరుగురి పేర్ల మొదటి అక్షరాలే అతని పేరు. అది పలకమని పిల్లాడికి చెబుతాడు. బిల్లీ పలుకుతాడు, పిడుగు పడుతుంది, పొగలోంచి కెప్టెన్ మార్వెల్ నిలబడతాడు. మళ్లీ పలికితే మళ్లీ పిల్లాడు. దారం తెగి రాయి పడి, ముసలాయన పోతాడు. అతని ఆత్మ మాత్రం ఆపదలో సలహా చెప్పడానికి వస్తూ ఉంటుంది. తెల్లారేసరికి బిల్లీ మళ్లీ వీధిలోనే ఉంటాడు. ఆ కథ పూర్తయ్యేలోగా డాక్టర్ సివానా అనే బట్టతల శాస్త్రవేత్త దేశంలోని రేడియోలన్నింటినీ మూగబోయేలా చేయబోతే అడ్డుకుని, రేడియో స్టేషన్ యజమాని దగ్గర రేడియోలో మాట్లాడే ఉద్యోగం సంపాదిస్తాడు.

ఇక్కడే నేను సూపర్‌మ్యాన్ పక్షం వాళ్లతో వాదనకు దిగుతాను. క్లార్క్ కెంట్ ఒక ముసుగు. కళ్లద్దాల వెనక ఎప్పుడూ సూపర్‌మ్యానే ఉంటాడు, పిరికివాడిగా నటిస్తాడంతే. బిల్లీ నటించడు. బిల్లీ నిజంగానే పిల్లాడు, నిజంగానే బలహీనుడు. దొంగలు నోటికి గుడ్డ కట్టేస్తే మాట పెగలదు, పిడుగు రాదు, వాడి తెలివితోనే వాడు బయటపడాలి. ఆ కథల్లో ఈ ఉపాయం ఎన్నిసార్లు వాడారో లెక్కలేదు, అయినా ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది. సూపర్‌మ్యాన్ కథ చదివే పిల్లాడికి అలాంటివాడు ఉంటే బాగుండునని అనిపిస్తుంది. బిల్లీ కథ చదివే పిల్లాడు పుస్తకం మూసి, పెరట్లోకి పోయి, ఎవరూ చూడకుండా ఆ మాట పలికి చూస్తాడు. బలం లేనివాడి కోరిక మీద కట్టిన కథ కనుకనే అది అంత బలంగా నిలబడింది.

విజయం ఊహించనంత వేగంగా వచ్చింది. 1941లో అతని పేరుతోనే ‘కెప్టెన్ మార్వెల్ అడ్వెంచర్స్’ అనే విడి పత్రిక మొదలైంది. దాని మొదటి సంచికకు హడావుడిగా బొమ్మలు గీసిచ్చినవాళ్లు జో సైమన్, జాక్ కిర్బీ. అదే ఏడు మార్చిలో రిపబ్లిక్ పిక్చర్స్ 12 భాగాల సినిమా ధారావాహిక విడుదల చేసింది. కామిక్ పుస్తకాల సూపర్‌హీరో తెరమీద నటుడి రూపంలో కనిపించడం అదే మొదలు. టామ్ టైలర్ కెప్టెన్‌గా, ఫ్రాంక్ కాగ్లన్ జూనియర్ బిల్లీగా వేశారు. ఎగిరే దృశ్యాల కోసం లైడెకర్ సోదరులు మనిషంత బొమ్మను తీగల మీద జారవిడిచారు. డేవ్ షార్ప్ అనే సాహసగాడు మేడల మీంచి దూకాడు. ఈ రెండూ కలిపి కోస్తే కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో మనిషి గాల్లో ఎగిరినట్టే కనిపించింది.

తర్వాత కుటుంబం పెరిగింది. 1941 డిసెంబర్ సంచికలో కెప్టెన్ నాజీ అనే దుర్మార్గుడి చేతిలో దెబ్బతిని కుంటివాడైన ఫ్రెడ్డీ ఫ్రీమన్‌కు తన శక్తిలో వాటా ఇచ్చి, కెప్టెన్ మార్వెల్ జూనియర్‌ను తయారు చేస్తాడు. నీలి దుస్తుల ఈ కుర్రాడి బొమ్మలు మాక్ రాబాయ్ వేశాడు. బెక్ గీతల్లోని సరళత్వం వీటిలో లేదు, శిల్పంలా చెక్కినట్టుంటాయి. కర్ర ఊతంతో నడుస్తూ పేపర్లు అమ్మే ఈ ఫ్రెడ్డీకి చిన్ననాటి ఎల్విస్ ప్రెస్లీ వీరాభిమాని. 1942 డిసెంబర్‌లో బిల్లీకి తప్పిపోయిన కవల చెల్లెలు మేరీ దొరికింది. ఆమె ఆ మాట పలికితే దాని వెనక సెలీనా, హిప్పోలిటా, మినర్వా వంటి వేరే ఆరుగురు దేవతలు, వీరవనితలు నిలబడతారు. మేరీ మార్వెల్‌ను కల్పించింది రచయిత ఆటో బైండర్, చిత్రకారుడు మార్క్ స్వేజ్.

బైండర్ గురించి ఆగి చెప్పాలి. వైజ్ఞానిక కల్పనా పత్రికల్లోంచి వచ్చినవాడు. సోదరుడు ఎర్ల్‌తో కలిసి ఈండో బైండర్ పేరుతో రాసేవాడు. ‘ఐ, రోబాట్’ అనే కథ 1939లో ఆ పేరుతో వచ్చింది, అసిమోవ్ ప్రసిద్ధ సంపుటి అదే పేరుతో రావడానికి 11 ఏళ్ల ముందు. మార్వెల్ కుటుంబానికి వచ్చిన సుమారు 1,700 కథల్లో సగానికి పైగా ఈయన ఒక్కడివే. బైండర్ రాసిన ‘మాన్‌స్టర్ సొసైటీ ఆఫ్ ఈవిల్’ 1943లో మొదలై 1945 దాకా 25 భాగాలు నడిచింది. ధారావాహిక రాసేవాళ్లందరూ చదవాల్సిన కథ అది. ప్రపంచంలోని దుర్మార్గులందరినీ కూడగట్టిన ‘మిస్టర్ మైండ్’ అనేవాడి గొంతు మాత్రమే కొన్ని భాగాల పాటు వినిపిస్తుంది. వాడెంత భయంకరుడో అని పిల్లలు నెలల తరబడి ఊహించుకున్నారు. తీరా బయటపడ్డాక వాడొక పురుగు. ముక్కు మీద కళ్లద్దాలు, సన్న గొంతును పెద్దది చేసే చిన్న పెట్టె మెడలో వేలాడుతూ, వేలెడంత పచ్చ పురుగు! దేశాలను బూడిద చేయాలని చూసిన ఆ పురుగును చివరికి కెప్టెన్ పట్టుకుంటాడు, చంపడు. కోర్టులో విచారణ జరుగుతుంది, జ్యూరీ తీర్పు చెబుతుంది, విద్యుత్ కుర్చీలో శిక్ష అమలవుతుంది. బయట నిజమైన ప్రపంచ యుద్ధం ముగింపుకొస్తున్న రోజుల్లో, శత్రువును సైతం విచారించే శిక్షించాలని పిల్లలకు చెప్పిన కథ అది. 1947లో కోటూ ప్యాంటూ వేసుకుని నాగరికంగా మాట్లాడే పులి టాకీ టానీ కూడా బైండర్ కలం నుంచే వచ్చింది.

ఈ వెలుగులో ఒక మచ్చ కూడా ఉంది, దాన్ని దాటిపోకూడదు. బిల్లీకి సేవకుడిగా స్టీమ్‌బోట్ అనే నల్లజాతి పాత్రను పెట్టారు. పెదవులు, మాట, నడక అంతా అవహేళన. 1945లో న్యూయార్క్ బడి పిల్లల బృందం ఒకటి సంపాదకుడు విల్ లీబర్సన్ ఆఫీసుకే వెళ్లి, లక్షల మంది చదివే పుస్తకంలో ఒక జాతిని ఇలా చూపడం తప్పని నిలదీసింది. ఆ పాత్రను తీసేశారు. ఆ బృందంలో నల్లజాతి పిల్లలూ ఉన్నారు. కెప్టెన్ మార్వెల్ పుస్తకాలు నేర్పిన ధైర్యాన్ని ఆ పుస్తకాల ముందే చూపించిన ఆ పిల్లలను ఈ చరిత్రలో వీరులుగానే లెక్కపెడతాను.

1944 నాటికి కెప్టెన్ మార్వెల్ అడ్వెంచర్స్ ఏడాదికి కోటీ 40 లక్షల ప్రతులు అమ్ముడైంది. ఒక దశలో పక్షానికొక సంచిక వేయాల్సివచ్చింది. సూపర్‌మ్యాన్ రెండో స్థానానికి దిగాడు.

సూపర్‌మ్యాన్ యజమానులు చూస్తూ ఊరుకుంటారా? 1941లోనే దావా వేశారు. ఒంటికి అతుక్కున్న దుస్తులు, భుజాన గుడ్డ, తూటాలు తగిలినా చెక్కుచెదరని శరీరం, వార్తలతో ముడిపడిన ఉద్యోగం, అన్నీ తమవేనన్నారు. విజ్ కామిక్స్ తొలి అట్ట మీద కెప్టెన్ కారును గోడకేసి కొడుతుంటాడు. యాక్షన్ కామిక్స్ తొలి అట్ట మీద సూపర్‌మ్యాన్ కారునెత్తి బండకు కొడుతుంటాడు. ఆ రెండు అట్టలూ పక్కపక్కన పెడితే ఫాసెట్ తరఫున మాట్లాడటం నాకూ కష్టమే. విచారణ మాత్రం 1948 దాకా జరగలేదు. 1950లో న్యాయమూర్తి ఆల్ఫ్రెడ్ కాక్స్ విచిత్రమైన తీర్పిచ్చాడు. కెప్టెన్ మార్వెల్ నకలే, కాని సూపర్‌మ్యాన్ మీద హక్కును యజమానులే పోగొట్టుకున్నారు. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం ముద్రించిన ప్రతిదాని మీదా కాపీరైట్ ప్రకటన ఉండాలి. దినపత్రికలకు సూపర్‌మ్యాన్ బొమ్మల కథలు పంపిణీ చేసిన మెక్‌క్లూర్ సిండికేట్ చాలాచోట్ల అది సరిగ్గా వేయలేదు.

అప్పీలుకు వెళ్లారు. 1951లో ఆ అప్పీలు విన్నది న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్. వండర్ మ్యాన్ కథ ముగించిన ఆగస్టస్‌కు స్వయానా దాయాది సోదరుడు, అమెరికా న్యాయ చరిత్రలో మహామహుడు. ప్రకటన లేని బొమ్మల కథల మీద హక్కు పోయి ఉండొచ్చుగాని, సూపర్‌మ్యాన్ మొత్తం మీద హక్కు పోలేదన్నాడు. అదే సమయంలో, రెండు పాత్రలు పోలి ఉన్నాయన్న ఒక్క మాట సరిపోదనీ, ఏ ఫాసెట్ కథ ఏ సూపర్‌మ్యాన్ కథకు నకలో విడివిడిగా చూపించాలనీ కేసును కిందికి తిప్పి పంపాడు.

అలా చూపించడం మొదలుపెట్టి ఉంటే ఏం తేలేదో నాకు చాలా ఆసక్తి. ఎందుకంటే అప్పు ఒకవైపే లేదు. డాక్టర్ సివానా 1940 ఫిబ్రవరి సంచికలోనే బట్టతలతో కనిపించాడు. సూపర్‌మ్యాన్ శత్రువు లూథర్ అదే ఏడు వచ్చినప్పుడు అతనికి ఎర్ర జుట్టు ఒత్తుగా ఉంది, బట్టతల 1941లో వచ్చింది. వీరుడి శక్తి పిల్లాడికి ఇస్తే ఎలా ఉంటుందో ఫాసెట్ చూపించిన కొన్నేళ్లకు, 1945లో, సూపర్‌బాయ్ పుట్టాడు. మొదట ఎవరు చూసి రాశారన్నది ఒక ప్రశ్న. ఆ తర్వాత ఎవరు దాన్ని ముందుకు తీసుకుపోయారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న, దాన్ని తూచే తక్కెడ కోర్టులో లేదు.

ఫాసెట్ ఇక పోరాడలేదు. యుద్ధం తర్వాత సూపర్‌హీరోల అమ్మకాలు పడిపోయాయి, పాఠకులు ప్రేమకథల వైపూ దయ్యాల కథల వైపూ మళ్లారు. 1950లో మొదలుపెట్టిన గోల్డ్ మెడల్ పేపర్‌బ్యాక్ నవలలు సంస్థకు బాగా లాభాలు తెస్తున్నాయి. 1953లో 4 లక్షల డాలర్లు చెల్లించి, ఇకపై ఈ పాత్రలను ముద్రించబోమని రాసిచ్చారు. 1954 జనవరి తేదీతో వచ్చిన ‘ది మార్వెల్ ఫ్యామిలీ’ 89వ సంచికతో అంతా ఆగిపోయింది. ఫాసెట్ యజమానులకు అది ఒక విభాగం మూసేయడం మాత్రమే. బెక్‌కు, బైండర్‌కు, వాళ్ల వెంట ఉన్న చిత్రకారులకు అన్నం పెట్టే పని పోయింది. పాత్రల మీద వాళ్లకు హక్కు ఎప్పుడూ లేదు కాబట్టి కోర్టులో వాళ్ల మాట ఎవరూ అడగనేలేదు. ఆ 12 ఏళ్ల దావాలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

ఇంగ్లండులో పునర్ముద్రణలు వేస్తున్న ఎల్. మిల్లర్ సంస్థ, సరుకు ఆగిపోవడంతో, 1954లో మిక్ ఆంగ్లో చేత మార్వెల్‌మ్యాన్ అనే పాత్రను పుట్టించుకుంది. ఆ కథ, 1982లో అలన్ మూర్ దాన్ని ఎక్కడికి తీసుకుపోయాడన్న సంగతి ఒక పూర్తి భాగానికి సరిపోతాయి. వచ్చే భాగంలో చెబుతాను.

బైండర్ జీవిక కోసం ఎక్కడికి వెళ్లాడో తెలుసా? సూపర్‌మ్యాన్ దగ్గరికే. 1958లో లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్‌ను, 1959లో అల్ ప్లాస్టినోతో కలిసి సూపర్‌గర్ల్‌ను సృష్టించాడు. వీరుడి శక్తులన్నీ ఉన్న అమ్మాయి, మేరీని కల్పించిన చేతితోనే. కెప్టెన్ మార్వెల్‌ను కోర్టుకీడ్చిన ఇంట్లోకి మార్వెల్ కుటుంబపు ఆలోచనలు జీతానికి పనిచేసే రచయిత రూపంలో వెళ్లి కూర్చున్నాయి. సూపర్‌మ్యాన్ చుట్టూ ఇవాళ కనిపించే పెద్ద పరివారంలో బైండర్ వాటా తీసేస్తే చాలా ఖాళీ కనిపిస్తుంది.

ఈలోగా పేరు మరొకరి పాలైంది. 1967లో మార్వెల్ కామిక్స్ సంస్థ కెప్టెన్ మార్వెల్ అనే తమ సొంత పాత్రను దించి, ఆ పేరును ట్రేడ్‌మార్క్ చేసుకుంది. 1972లో డీసీ సంస్థ, అంటే ఒకప్పుడు దావా వేసిన వాళ్లే, ఫాసెట్ నుంచి పాత వీరుణ్ణి అద్దెకు తీసుకుంది. అట్ట మీద కెప్టెన్ మార్వెల్ అని వేయడానికి వీల్లేక ‘షజామ్!’ అని వేశారు. 1973లో మొదలైన ఆ పత్రికకు బెక్‌నే పిలిచారు. ఆయన సంతోషంగా వచ్చి, కథలు పేలవంగా ఉన్నాయని పోట్లాడి, పది సంచికల తర్వాత వెళ్లిపోయాడు. 1989లో కన్నుమూశాడు. 1991లో డీసీ ఆ పాత్రలను పూర్తిగా కొనేసింది. 2019లో మార్చిలో ‘కెప్టెన్ మార్వెల్’, ఏప్రిల్‌లో ‘షజామ్!’ సినిమాలు నెల తిరక్కుండా వచ్చాయి. మొదటి దానిలో అమెరికా వైమానిక దళపు అమ్మాయి, రెండో దానిలో మన బిల్లీ. ఇద్దరి పేర్ల వెనక ఇంత కథ ఉందని హాలు నిండిన ప్రేక్షకుల్లో చాలామందికి తెలియదు.

పాత కథలు ఎక్కడ దొరుకుతాయని అడిగేవాళ్లకు ఒక మంచి మాట. ఆనాటి చట్టంలో 28 ఏళ్లు నిండాక కాపీరైట్‌ను మళ్లీ నమోదు చేసుకోవాలి. ఫాసెట్ ముద్రించిన సంచికల్లో చాలావాటికి ఎవరూ ఆ పని చేయలేదు. దాంతో అమెరికాలో అవి అందరి సొత్తయ్యాయి. వెతికితే ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంగ్లిష్ సులువుగా ఉంటుంది, హైస్కూలు పిల్లలు కూడా చదవగలరు. మిస్టర్ మైండ్ ధారావాహికతో మొదలుపెట్టండి. వాడు పురుగని నేను ముందే చెప్పేశాను, అయినా నష్టం లేదు, ఆ గొంతు వినిపించే తొలి భాగాల్లో మీరు ఆ సంగతి మరిచిపోతారు.